తియా ఇంట్లో చలికాలం

ఎం.ఎస్. చదవడానికి డెట్రాయిట్ వచ్చిన మొదటి ఏడాది నేను అద్దెకున్న ఇల్లు స్పానిష్ మాట్లాడేవాళ్ళ పేటలో ఉండేది. షాపుల బోర్డులు, చర్చి గుమ్మంలో ఆరాధన టైములు, బస్‌స్టాప్‌లో ముసలివాళ్ళ కబుర్లు, అన్నీ స్పానిషే. నరసాపురంలో మావాళ్ళు నేను అమెరికాలో ఉన్నాననుకుంటున్నారు గానీ, దారితప్పి ఇంకేదో దేశంలో దిగానా అనిపించేది నాకు. ఆ పేట పేరు చెప్పగానే క్లాస్‌మేట్స్ "అక్కడా?" అని ఊరుకునేవాళ్ళు. ఎందుకో చెప్పేవాళ్ళు కాదు. ఆ చెప్పకపోవడమే నన్ను తినేసేది. బస్సు దిగి నడుస్తుంటే వెనక ఎవరి బూట్ల చప్పుడు వినిపించినా వీపు బిగుసుకుపోయేది.

నేను చిన్నప్పట్నుంచీ పిరికిదాన్నే. టీవీలో తుఫాను వార్త వస్తే అందరికంటే ముందు సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని కూర్చునే రకం.

ఇంటి ఓనరు డెబ్బై దాటిన మెక్సికో ఆవిడ. కింద ఆవిడ, మేడమీద గదిలో నేను. భర్త పోయాడు, కూతురు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆవిడకి ఇంగ్లిష్ అరకొర, నాకు స్పానిష్ బొత్తిగా రాదు. మొదటిరోజు అలవాటు కొద్దీ ఆంటీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. ఫోన్‌లో వెతికి "తియా" అన్నాను. వాళ్ళ భాషలో అత్తనీ పిన్నినీ కూడా అలాగే పిలుస్తారట. ఆవిడ నా బుగ్గ మీద చెయ్యివేసి "మిహా" అంది. అమ్మాయీ అని. చాలా రోజులు ఆ రెండు మాటల మీదే నెట్టుకొచ్చాం.

ఆ ఇంట్లో సంతోషాలు చిన్నవి. పొద్దున్నే దాల్చినచెక్క వేసి కాచిన కాఫీ. వీధి చివర బేకరీలో చేతికి ఒక పళ్ళెం, పటకారు ఇచ్చి మనల్నే ఏరుకోమనేవాళ్ళు. పైన పంచదార పొర మీద గవ్వలాగా గీతలున్న తీపి రొట్టె నాది, నువ్వులు చల్లినది తియాది. చింతపండులో ఉప్పూకారం కలిపిన మిఠాయి కనిపించినరోజు డబ్బులిచ్చి బయటికి రాకుండానే తినేశాను. కొత్తిమీర కట్టని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే గానీ తియా కొనేది కాదు. పక్కింటి పిల్లి వంటింట్లోకి దూరితే చీపురు పట్టుకుని "ఫ్వేరా, ఫ్వేరా" అని తరిమేది. బయటికి ఫో అని. ఎవరూ నేర్పకుండా నాకొచ్చిన స్పానిష్ మాట అదొక్కటే.

జనవరిలో ఒక శుక్రవారం రోజంతా మంచు కురిసింది. గాలికి కొట్టుకొచ్చి ఇంటి పక్కగోడకి కిటికీల ఎత్తున పేరుకుంది. శనివారం పొద్దున ఇద్దరం కాఫీ తాగాం. తియా పొయ్యి మీద బీన్స్ గింజలు ఉడకపెట్టి, హీటర్ ఇంకాస్త పెంచింది. నేను పైకెళ్ళి అసైన్‌మెంట్ ముందేసుకున్నాను. మధ్యాహ్నానికి కణతలు పగిలిపోతున్నాయి. జలుబు చేస్తోందనుకుని దుప్పటి కప్పుకున్నాను. పడుకుంటే హాయిగా ఉంది. ఆ హాయి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పుడే డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్ నుంచి అక్క ఫోన్ చేసింది. అక్కంటే మా తెలుగు చర్చిలో పాటలు పాడించే ఆవిడ. ఇక్కడ చాలా చలికాలాలు చూసిన మనిషి. రేపు ఆరాధనకి కార్‌లో పికప్ చేసుకోవాలా అని అడగడానికి చేసింది. తలనొప్పిగా ఉంది, రాలేనేమో అన్నాను. ఆమె వెంటనే అడిగింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా తలనొప్పి?"

తెలీదన్నాను. కిందనుంచి చాలాసేపట్నుంచీ ఏ చప్పుడూ రాలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

"ఫోన్ పెట్టేసి ఆవిణ్ణి తీసుకుని బయటికి నడు. కోటు కోసం కూడా ఆగొద్దు. హీటర్ పొగ ఇంట్లోకే వస్తోందేమో. దానికి వాసన ఉండదమ్మా."

మెట్లు దిగుతుంటే ఒళ్ళు తూలింది. గోడ పట్టుకుని, చివరి మెట్లు కూర్చునే దిగాను. తియా టీవీ ముందు కుర్చీలో ఉంది. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. నిద్రపోతోందనుకున్నాను. భుజం పట్టి ఊపితే తల ఒక పక్కకి వాలిపోయింది. ఆ క్షణంలో నాకు తెలుగు, ఇంగ్లిష్, ఏదీ నోటికి రాలేదు. తర్వాత ఆవిడ చెవి దగ్గర అరుస్తున్నది నేనేనని గ్రహించాను. "ఫ్వేరా, తియా, ఫ్వేరా."

తియా కళ్ళు కాస్త తెరిచి, ఇంగ్లిష్‌లో చలి అని గొణిగింది. మళ్ళీ మూసుకుంది.

చంకల కింద చేతులు వేసి లాగాను. కుర్చీ నుంచి ఆవిడా నేనూ కలిసే కిందపడ్డాం. నేలమీద ఈడ్చుకుంటూ వీధి తలుపు దాకా తెచ్చాను. లోపలి తలుపు తెరుచుకుంది. బయటి అద్దాల తలుపు కదల్లేదు. దాని అవతల మోకాలెత్తు మంచు. భుజంతో తోశాను. కాస్త సందు పడింది. చల్లగాలి మొహానికి కొట్టింది. ఆ సందు దగ్గరికి తియా తల జరిపి, మళ్ళీ తోస్తూ, ప్రభువా ప్రభువా అని పైకే అంటున్నాను. ఎదురింటాయన కారు మీద మంచు తోస్తున్నాడు. అద్దం మీద నా అరిచేతుల చప్పుడు విన్నాడు కాబోలు, పార పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన తవ్వుతుంటే నేను 911కి ఫోన్ చేశాను. వీసా మీద ఉన్నదాన్ని, ఇలా పిలిస్తే నాకేమన్నా అవుతుందా అన్న ఆలోచన ఆ ఒక్క నిమిషంలోనూ వచ్చింది. అవతలి అమ్మాయి అడ్రస్ అడిగింది. ప్రతి పార్సిల్ మీదా రాసుకునే ఇంటి నంబర్ నాకు గుర్తురాలేదు. ఎదురింటాయన సందులోంచి ఫోన్ లాక్కుని చెప్పాడు.

తలుపు తెరుచుకోగానే ఇద్దరం తియాని మోసుకెళ్ళి ఎదురింటివాళ్ళ హాల్లో పడుకోబెట్టాం. నేను సాక్సులతోనే మంచులోకి వచ్చేశానని ఆయన భార్య చూసేదాకా నాకు తెలీదు. తడి సాక్సులు లాగేసి నా పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. ఏదో చెబుతూనే ఉంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ ఆ గొంతు ఆగిపోతే నేను చచ్చిపోతాననిపించింది.

ఫైర్ ఇంజన్ వచ్చింది. ఒకతను విషవాయువుని కొలిచే మీటర్ చేత్తో పట్టుకుని మా గుమ్మం దాటాడో లేదో అది కూయడం మొదలుపెట్టింది. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ బేస్‌మెంట్‌లో ఉంది, దాని పొగ బయటికి పోయే గొట్టం పక్కగోడకే ఉందట. దాని మీద మంచు పేరుకుపోయింది. ఆ ఇంట్లో హెచ్చరించే అలారం ఒక్కటీ లేదు. అలాంటిదొకటి ఉంటుందని కూడా నాకు తెలీదు. బూట్లు తెచ్చుకుంటానంటే అతను తల అడ్డంగా ఊపి నన్ను గేటు దగ్గరే ఆపేశాడు.

హాస్పిటల్లో ఇద్దరికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. నన్ను వేరే గదిలోకి తీసుకెళ్తుంటే ఆవిడ మీకేమవుతుందని నర్సు అడిగింది. మా పిన్ని అన్నాను. నర్సు నా మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా మా మంచాలు పక్కపక్కన వేయించింది. సాయంత్రానికి తియా కళ్ళు తెరిచి మాస్కు లోంచే గబగబా ఏదో అంది. స్పానిష్ వచ్చిన నర్సు నవ్వు ఆపుకుంటూ చెప్పింది, పొయ్యి మీద బీన్స్ ఎవరైనా చూశారా అంటోందని.

అక్కడితో భయం తీరిపోయిందనుకున్నాను. కూతురు వచ్చింది, ఫర్నేస్ బాగుచేయించింది, ప్రతి గదిలో అలారం పెట్టించి వెళ్ళింది. ఆ తర్వాత ఒక పొద్దున తియా కాఫీలో ఉప్పు వేసింది. ఇంకో రోజు నన్ను గుమ్మంలో చూసి ఎవరు కావాలని అడిగింది. మర్యాదగా, కొత్తవాళ్ళని అడిగినట్టు. ఆ విషగాలి కొందరికి తర్వాత కూడా మతిమీద దెబ్బ కొడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. అయినా ఆ రోజు మెట్లమీద కూర్చుని, మంచులో తలుపు తోసినప్పటికంటే ఎక్కువ వణికాను. అమ్మ ఆ ఇల్లు ఖాళీ చేసెయ్యమంది. అక్క తన బేస్‌మెంట్ రూమ్‌లోకి వచ్చెయ్యమంది. నేను వెళ్ళలేదు. ధైర్యం వచ్చి కాదు. ఆవిణ్ణి ఒంటరిగా ఆ ఇంట్లో ఊహించుకుంటే ఇంకా భయం వేసేది.

మంచు కరిగేనాటికి తియా మళ్ళీ నన్ను ఎప్పుడూ తడబడకుండా గుర్తుపట్టేది. కొన్ని మాటలు మాత్రం తిరిగి రాలేదు. నా చదువు అయ్యాక ఆవిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఉద్యోగం దొరికి డెట్రాయిట్ దగ్గరే నోవైలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేస్తాను. ఆవిడ అట్నుంచి గలగలా మాట్లాడుతుంది, నేను సగం అర్థం చేసుకుంటాను. ఆవిడ ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, నా నోరు ఎండిపోతుంది.