థాయివాళ్ళ దగ్గర నేర్చుకున్న నవ్వు

మొన్న మా మనవరాలు కొత్తపెళ్ళికొడుకుతో కలిసి బ్యాంకాక్ చూసివచ్చి, దువ్వాడలో మా ఇంటి సోఫాలో నా పక్కన కూర్చుని, సెల్‌ఫోనులో ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, అక్కడివాళ్ళంత మంచివాళ్ళు ఎక్కడా ఉండరనీ, మనం ఏం తప్పు చేసినా నవ్వేసి ఊరుకుంటారనీ చెప్పుకొచ్చింది. నేను కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నాను. ఆ దేశంలో నేను ఏడేళ్ళు అన్నం తిన్నానని దానికి తెలుసు గాని, ఎందుకు వెళ్ళానో, అక్కడ ఏం నేర్చుకుని వచ్చానో తెలియదు. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మల్కాపురంలో కాపురముంటూ, పోర్టు దగ్గర ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపులో వెల్డింగు పని చేసేవాణ్ణి. ఆ వర్క్‌షాపు ఇప్పుడు లేదు. నన్ను అందులో చేర్చినవాడూ, వెల్డింగు రాడ్డు చేతికిచ్చి మణికట్టు ఎలా తిప్పాలో నేర్పినవాడూ మా మేనత్త కొడుకు, నాకు బావ. మా ఇద్దరిదీ అచ్యుతాపురం పక్క పల్లె. ఒకే సైకిలు మీద పనికి వెళ్ళేవాళ్ళం, ఒకే క్యారేజీలో తినేవాళ్ళం. ఒకరోజు ఓడ డెక్కు మీదకు ఎత్తుతున్న ఇనుపరేకుకు అతికించిన కొక్కెం ఊడిపోయి, రేకు కింద పడి, ఒక కూలీ కాలు నుజ్జయిపోయింది. ఆ అతుకు వేసింది మా బావ. చేతిరాత ఎవరిదో తెలిసినట్టే అతుకు ఎవరిదో పనివాళ్ళకు చూడగానే తెలుస్తుంది. అక్కడున్న పదిమందికీ తెలుసు. విచారణలో మేనేజరు అడిగినప్పుడు మా బావ నా వైపు చూడకుండా, చేతులు కట్టుకుని, మెల్లగా అన్నాడు.

“ఆ అతుకు ఈడిదేనండి. నాను సెప్పినా ఇన్లేదు.”

నేను నోరు విప్పలేదు. ఇంకొక్క క్షణం ఆగితే వాడే నిజం చెప్పేస్తాడని నమ్మకం. ఆ క్షణం అయిపోయింది, నా ఉద్యోగం పోయింది. పోర్టు చుట్టుపక్కల ఏ వర్క్‌షాపుకు వెళ్ళినా నాకంటే ముందే ఆ కబురు వెళ్ళి కూర్చునేది. చివరికి, ఎప్పుడో నా పని చూసి మెచ్చుకున్న ఒక ఇంజనీరు, బ్యాంకాకుకు దిగువన నది ఒడ్డున ఉన్న ఓడల యార్డులో మనుషులు కావాలంటున్నారని చెబితే, మా ఆవిణ్ణి పుట్టింట దించి, కలకత్తా వెళ్ళి విమానమెక్కాను. కిటికీలోంచి అందరూ మబ్బులు చూస్తుంటే, నేను తిరిగొచ్చాక మా బావని ఏం చెయ్యాలా అని ఆలోచించాను.

అక్కడ మొదటి ఏడాది నాకు విసుగూ వింతా సగం సగం. అన్నంలోకి ఉప్పుకు బదులు పోసుకునే చేపల ఊట వాసన, ఎండుచేపల బజారులో పుట్టిపెరిగినట్టున్న నాకే పడేది కాదు. ఎదురుపడ్డ ప్రతివాడూ అన్నం తిన్నావా, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగేవాడు. మనవాళ్ళలాగే జవాబు కోసం ఆగేవాడు కాదు. పిల్లలకు పుట్టగానే కప్ప, పంది, పొట్టి అని ముద్దుపేర్లు పెట్టేవారు, మంచి పేరు వింటే దయ్యాలు ఎత్తుకుపోతాయని. మన వైపు పుట్టి బతకని ఇళ్ళల్లో పెంటయ్య అని పెట్టుకోవడం ఎరిగినవాణ్ణి గనక నాకు నవ్వు రాలేదు. యార్డు మూల కర్ర మీద నిలబెట్టిన బొమ్మరిల్లులాంటి గుడికి పొద్దున్నే పూలదండ, గ్లాసుడు నీళ్ళు పెట్టందే క్రేను కదిలేది కాదు. ఆ క్రేను నడిపేవాడు ఒక వానాకాలం గుండు కొట్టించుకుని బౌద్ధ సన్యాసుల్లో కలిసిపోతే, ఆఫీసువాళ్ళు ఉద్యోగం అట్టేపెట్టారు. మూడు నెలలకు బుద్ధిగా తిరిగొచ్చి, జుట్టు పెరిగేలోపే మళ్ళీ పేకాటలో కూర్చున్నాడు.

ఇవన్నీ పైపైన చూశాను. ఏ ఊరు వెళ్ళినా మనిషి తన బుద్ధికి తగిన సరుకే వెతుక్కుంటాడు కాబోలు, అంత నవ్వేవాళ్ళలో నేను వెతికింది పగ. ఇంత ఉక్కలో, ఇంత ఇరుకులో, ఒకరిమీదొకరికి కోపం రాకుండా ఎలా ఉంటుందని నా అనుమానం. వాళ్ళు గొంతు పెంచరు. గట్టిగా అరిచినవాణ్ణి చూసి, వాడికేదో జబ్బు చేసినట్టు తల పక్కకు తిప్పుకుంటారు.

నా అనుమానం తీర్చినవాడు మా మేస్త్రీ. ముద్దుపేరు కప్ప, మనిషి కూడా అలాగే గుండ్రంగా, చల్లగా ఉండేవాడు. ఒకరోజు అతను వేసిన అతుకొకటి నాకు నచ్చక, పదిమంది ముందు పెద్దగా కేకలేసి, ఇదీ ఒక అతుకేనా అన్నట్టు దాన్ని కాలితో చూపించాను. అతను చూశాడు, నవ్వాడు, పర్లేదన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి నా పనంతా ఓడ అడుగు ట్యాంకుల్లో పడింది. ఊపిరాడని చీకట్లో, నూనె మురికిలో, మోకాళ్ళ మీద పాకుతూ మూడు నెలలు. రోజూ పొద్దున్న అతనే ఎదురొచ్చి అన్నం తిన్నావా అని ఆప్యాయంగా అడిగేవాడు. నేను కక్కుకున్న రోజు తన చేత్తో తడిగుడ్డ అందించాడు. మళ్ళీ ట్యాంకులోకే పంపాడు.

నేనుండే గది ఇంటావిడ, నన్ను తమ్ముడు అని పిలిచే పెద్దావిడ, సంగతంతా విని లెంపలు వాయించుకున్నంత పని చేసింది. పదిమందిలో కాలు చూపించావు, అతనికి నీ మీద కోపం లేదు, నువ్వు అతనికి లేకుండా పోయావు, అంతే అంది. మల్లెదండ ఒకటి నా చేతిలో పెట్టి, అతని ఇంటికి వెళ్ళి, పెళ్ళాం పిల్లల ఎదుట దణ్ణం పెట్టి తప్పు ఒప్పుకొమ్మంది. చచ్చినంత సిగ్గుతో వెళ్ళి పెట్టాను. అతను దండ తీసుకుని, కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. మర్నాడు నేను డెక్కు మీద, గాలిలో ఉన్నాను. అతను ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ ఇంట్లో నేర్చుకోవలసింది ఆ దణ్ణమూ, దాన్ని పుచ్చుకున్న తీరూ. నేను నేర్చుకున్నది ఆ మూడు నెలల నవ్వు. అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకున్నానంటే నమ్మండి.

ఎనభైల నడుమ తిరిగొచ్చేసరికి, విశాఖలో ఉక్కు కర్మాగారం కడుతున్నారు. విదేశాల్లో పనిచేసినవాణ్ణని ఒక కంపెనీ నన్ను అతుకులు తనిఖీ చేసే పనిలో పెట్టుకుంది. గొట్టాల అతుకులకు ఎక్స్‌రే తీస్తే, ఆ ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, పనికొస్తుందనో రాదనో నేను రాయాలి. ఆరు నెలలు తిరక్కుండా ఒక కాంట్రాక్టరు ఇచ్చిన వెల్డర్ల జాబితాలో మా బావ పేరు కనిపించింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, పెళ్ళిచూపులకు వెళ్ళేవాడిలా దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

వాడి మొదటి అతుకు నిజంగానే బాగోలేదు, కొట్టేశాను. రెండోదీ కొట్టేశాను. మూడోది కూడా పోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. పని మీద ఎదురుపడ్డప్పుడల్లా నవ్వి, అన్నం తిన్నావా బావా అని అడిగేవాణ్ణి. వాడు బెదిరిన గొడ్డులా చూసేవాడు. ఒక ఆదివారం భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“నాదే తప్పురా. అప్పుడు బయ్యం ఏసి అలగ అనీసినాను.”

ఎనిమిదేళ్ళు ఆ మాట కోసం బతికినవాణ్ణి. వాళ్ళావిడ గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడింది. మా ఆవిడ నా మొహం వంక చూస్తోంది.

“పర్లేదు బావా,” అన్నాను, నవ్వుతూ. కాఫీ ఇప్పించి పంపాను.

గురువారం మూడో ఫిల్ము వచ్చింది. అంత శుభ్రమైన అతుకు నేను మళ్ళీ చూడలేదు, గీత గీసినట్టుంది. చాలాసేపు చూసి, పనికిరాదని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు భోజనం అమృతంలా ఉంది. మా బావ ఎదురుచెప్పలేదు, ఫిల్ము మళ్ళీ చూడమని పెద్ద ఇంజనీరును అడగలేదు. సామాను సర్దుకుని పల్లెకు వెళ్ళిపోయి సేద్యంలో పడ్డాడు. రాడ్డు మళ్ళీ ముట్టలేదని విన్నాను. పాపం అనిపించిందని రాస్తే మీరు సంతోషిస్తారు. చాలా ఏళ్ళు అనిపించలేదు.

తరవాత ఎప్పుడో, మా వాళ్ళింట్లో ఒక కర్మకాండకు పల్లె వెళ్ళినప్పుడు, ఇద్దరమూ వయసు మళ్ళి ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. వాడే ముందు మాట్లాడాడు.

“ఫిల్ము నానూ సూసినాన్రా. బాగుంది.”

మరి ఎందుకు అడగలేదన్నాను.

“నువ్వా రోజు ఊరుకున్నావు గదేటి. నానూ ఊరుకున్నాను.”

నా ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళు పరాయిదేశంలో పెంచుకుని తెచ్చిన పగను, వాడు నా మీద చూపిన దయ కింద మార్చేశాడు. ఆ మాటతో నేను తీర్చుకున్నదేమిటో, వాడు తీర్చుకున్నదేమిటో తెలియకుండా పోయింది. భోజనానికి ఆగకుండా బస్సెక్కాను.

వాడి పొలం ఉన్న చోట ఇప్పుడు ఫ్యాక్టరీ ప్రహరీలు. ఆ దారిన బస్సులో వెళ్తే ఊరి పేర్లున్న బోర్డులు తప్ప నాకేమీ ఆనవాలు పట్టదు. వెల్డింగు చాలావరకు మిషన్లే చేస్తున్నాయట; ఎవరి చేతివాటమో చూసి చెప్పే పని లేదు. ఆ వర్క్‌షాపులో పనిచేసిన పదిమందిలో ఎనిమిదిమంది పోయారు. ఏ అతుకు ఎవరిదో చెప్పగలిగినవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. మాట్లాడుకోం.