మొదటి లాటు పేరు లాభం

అనకాపల్లి బెల్లం మండీలో ఒక దుకాణానికి కంప్యూటరు పనులు చూస్తాను. అంటే అది నడుస్తుంటే చూస్తాను, ఆగిపోతే ఇంకా ఎక్కువ చూస్తాను. కాటా దగ్గర లాటు నంబరు, బరువు ఎక్కించడానికి షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము రాశాను. ఒకసారి ఎవరో సున్నాకు బదులు ఇంగ్లీషు ‘ఓ’ కొట్టారు. ఆ రోజు లాట్లన్నీ కలగాపులగం. రోషమొచ్చి స్క్రిప్టుకు, కొట్టినదాన్ని సరిచూసే నమూనా ఒకటి పెట్టాను: కొట్టినదాంట్లో అంకె కానిది ఒక్కటి కనిపించినా ‘తప్పు, మళ్ళీ కొట్టండి’ అంటుంది. నేనైతే ఎవరినీ అంత గట్టిగా నిలదీయలేను.

మర్నాడు పొద్దున్న దానికి మొదట చిక్కింది మా కాటా మామ. నేను పుట్టకముందు నుంచీ అక్కడ తూకం వేస్తున్న మనిషి. ఒంటివేలితో కీబోర్డు నేర్చుకున్నారు. మొదటి లాటును ఎన్నడూ ‘ఒకటి’ అనరు, శుభమని ‘లాభం’ అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. కొట్టడం కూడా అంతే, ఇంగ్లీషు అక్షరాలు ఏరుకుని మరీ ‘లాభం’. సాయంత్రం నేనే దాన్ని ఒకటిగా దిద్దేవాణ్ణి. నమూనా రాసేటప్పుడు ఆ సంగతే మరిచాను.

“ఏటి బాబూ, తప్పంటంది?”

“అంకె కావాలి మామా. ఒకటి కొట్టండి.”

“పొద్దున్నే ఒకటంటానా? మా అయ్య కూడా అన్లేదు.”

బెల్లం దిమ్మ మోస్తున్న హమాలీ ఆగాడు. “కంపూటరికి లాభం అక్కర్నేదేటి మామా? మరెందుకు తెచ్చేరు?”

అందరం నవ్వాం. మామ కూడా నవ్వారు. నాలుగోసారీ ‘తప్పు’ అని వచ్చాక మాత్రం నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, “నువ్వే కొట్టేయ్ బాబూ,” అన్నారు. నేను కొట్టేశాను.

ఆ వారం గడిచాక ఆయన రావడం మానేశారు. కళ్ళు ఆనడం లేదని కబురు పంపారు. అప్పుడు స్క్రిప్టులో ఒక వరస చేర్చాను: లాభం అని వస్తే ఒకటిగా తీసుకో. అరనిమిషం పని. ఆ పొద్దున ఆ అరనిమిషం నాకు దొరకలేదు.

ఇప్పుడు కాటా దగ్గర ఉన్నవాళ్ళు చకచకా ఒకటి కొట్టి రెండుకు పోతారు. ఎక్కడా తప్పు రాదు. మండీ అంతా గోలగా ఉన్నా, ఆ మొదటి లాటు దగ్గర నా చెవికి ఏదో తక్కువవుతుంది.

మొన్న మునగపాకలో ఆయన ఇంటికి వెళ్ళి కలిశాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు.

“ఇప్పుడు ‘లాభం’ అన్నా తీసుకుంటుంది మామా. మొదటి లాటుకి వచ్చి కూర్చోండి చాలు. మిగతావి వాళ్ళు చూసుకుంటారు.”

“నిజంగా తీసుకుంటందా?”

“ఒట్టు.”



“సూద్దాంలే బాబూ,” అన్నారు.

ఆ మాట అవునో కాదో తేల్చే నమూనా రాయడం నాకు చేతకాదు. రోజూ మొదటి లాటు దించేటప్పుడు ఒకసారి గేటు వైపు చూస్తున్నాను.