ఆశీర్వాదం గారి సాక్ష్యపు రాళ్లు

ఆయన పూర్తి పేరు దైవాశీర్వాదం. ఆఫీసులో వాళ్లకు నోరు తిరగక "డేవ్" అంటారు. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో మా ఇల్లూ ఆయన ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో చెక్క కంచె. ఆ కంచె ఉన్నా లేనట్టే. పొద్దున్నే ఆయన ప్రార్థన మొదలుపెట్టారంటే మా వంటింట్లో నాకు ప్రతి మాటా వినిపించేది. ఎవరి వీసా ఆగిందో, ఎవరికి లేఆఫ్ అయిందో, ఎవరి పిల్లకు జ్వరమో అన్నీ ఆ ప్రార్థనలోనే నాకు తెలిసేవి. మాది వరంగల్. నేను గుడికి పోయే మనిషిని. అయినా ఒకరోజు నా మోకాలి నొప్పి సంగతి కూడా ఆయన దేవుడి చెవిన వేస్తుంటే విన్నాను. ఒళ్లు మండింది. నా మోకాలి గోల వీధందరికీ ఎందుకు? తర్వాత నొప్పి తగ్గిందనుకోండి, అది వేరే సంగతి.

"అన్నా, జర గొంతు తగ్గించుకోరాదుండ్రి. దేవునికి చెవుడా ఏంది?" అని అడిగేశాను.

ఆయన నవ్వారు. "మా నాన్నగారు నర్సాపురం అవతల చిన్న సంఘానికి కాపరి, పాస్టరన్నమాటమ్మా. మైకు లేదు. సముద్రం హోరులో ఆఖరి వరస దాకా వినపడాలంటే గట్టిగా చెప్పాల్సిందే. అదే అలవాటైపోయిందండి నాకూను."

వాళ్ల తెలుగు చర్చికి సొంత కట్టడం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుంటారు. ఆశీర్వాదం గారు ప్రార్థన చేస్తుంటే పక్క హాల్లోని కొరియా చర్చి వాళ్లు వచ్చి తలుపు తట్టిపోయారని ఆయన భార్య లూసీ చెప్పి చెప్పి నవ్వేది.

ఆ గొంతుకు తగిన చోటు ఆయనకు సియెర్రా కొండల్లో దొరికింది. మా ఊరి నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్ అరిగే వేళకు చేరే ఒక లోయ. మంచు కొండల మధ్య పచ్చిక, వాగు, గాలి లేకపోయినా ఆకులు గలగలలాడే తెల్ల కాండాల చెట్లు. ఏటా ఎండాకాలం చివర ఆయన అక్కడికి జనాన్ని వెంటేసుకుని పోయేవారు. చర్చి వాళ్లా, గుడి వాళ్లా, ఏ జిల్లా వాళ్లన్న పట్టింపు లేదు. ఎవరొస్తే వాళ్లే. లూసీ చికెన్ పలావు, నా పులిహోర.

కారు ఆపి నడిస్తే సగం దారిలో ఒక పాత రాతి గుడిసె వస్తుంది. గుర్రాల మీద ఉత్తరాలు మోసే రోజుల్లో కట్టింది. గోడకు ఇత్తడి పలక, గుమ్మానికి వేలాడే ఇనప కమ్మీ. మంచు తుఫానులో దారి తప్పిన వాళ్ల కోసం కాపలాదారు ఆ కమ్మీ కొట్టేవాడని పలక మీద రాసి ఉంది. పిల్లలు దాన్ని ఒకటే మోత మోగించేవారు. ఆశీర్వాదం గారు ఆపి, అందరినీ కూర్చోబెట్టి చెప్పేవారు. "ఊరికే కొట్టేస్తే ఎలా? కొట్టి ఆగాలి. అటునుంచి ఎవరైనా పలుకుతున్నారేమో వినాలి. ఆ కాపలాదారు అలాగే చేసేవాడంట." ఏటా అదే కథ, అదే మాట. పిల్లలు ఆయన కంటే ముందే అప్పచెప్పేవారు.

గుడిసె దాటితే అరమైలు పొడవున నున్నటి రాతి నేల. అది దాటి పైకెక్కితే సరస్సు. రాతి మీద కాలిబాట జాడ పడదు గదా, అందుకని ఫారెస్టు వాళ్లు మోకాలెత్తున రాళ్ల గుట్టలు పేర్చి ఉంచారు. ఒక గుట్ట దగ్గర నిలబడితే తర్వాతి గుట్ట కనిపిస్తుంది. అలా పట్టుకుని పోవడమే దారి.

మన ఆశీర్వాదం గారికి రాయంటే ముచ్చట. ఆయన పుట్టినచోట అంతా ఒండ్రుమట్టి, గులకరాయి కావాలన్నా లారీలో రావాలట. బైబిల్లో పాతకాలం వాళ్లు మేలు జరిగినచోట రాయి నిలబెట్టేవారట. ఏళ్ల తరబడి ఎదురుచూశాక గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది ఆయన ఆ రాతి నేల చివర, లోయంతా కనిపించే అంచు మీద, రాళ్లు పేర్చి మోకరించి ప్రార్థన చేశారు. సాక్ష్యపు రాళ్లన్నారు. మరుసటి ఏడు ఇంకో కుటుంబం పేర్చింది, బిడ్డ పుట్టిందని. ఆ పై ఏడు ఎవరికో హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్. మా అబ్బాయి రాకేష్‌కు కాలేజీ సీటొచ్చినప్పుడు నేనూ నాలుగు రాళ్లు పెట్టాను. రాయికి దండం పెట్టడం మాకేం కొత్త? అలా అలా మా గుట్టలు దారి పక్క నుంచి ఆ అంచు దాకా వరసగా పెరిగాయి. అవి ఫారెస్టు వాళ్ల గుట్టల్లాగే ఉన్నాయన్న ముక్క మాలో ఒక్కరికీ తట్టలేదు. మాకు తేడా తెలుసు గదా. తెలియని వాళ్లొస్తారని ఎవరనుకున్నారు?

పోయినేడు వచ్చారు. రాజీవ్, మనీషా. అర్కాన్సాస్‌లోని బెంటన్‌విల్ నుంచి కొత్త ఉద్యోగానికి మా వైపు మారిన జంట, పెళ్లై రెండేళ్లు కూడా కాలేదు. చర్చి వాళ్లు కాదు. కిరాణా కొట్లో ఆశీర్వాదం గారు మాట కలిపి రమ్మన్నారు. రాజీవ్ నెమ్మదస్తుడు. వాడికి ఒకటే దిగులు, ఉద్యోగం. వీసా ట్రాన్స్‌ఫర్ ఇంకా తేలలేదు, మేనేజర్ మంచివాడు కాదు. సరస్సు దగ్గర మేం గిన్నెలు విప్పుతుంటే వాడు ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"అంకుల్, మధ్యాహ్నం నుంచి ఆన్-కాల్ డ్యూటీ నాది, ఆఫీసు నుంచి ఎప్పుడు పిలిచినా పలకాలె. ఇక్కడ సిగ్నల్ లేదు. పార్కింగ్ దాకా దిగిపోతా. మనీషా మీతో వస్తది" అన్నాడు.

"ఒక్కడివే పోతావా? తిన్నాక అందరం దిగుదాంలే."

"ఆఫీసోళ్ల పేజ్ మిస్సైతే ప్రాబ్లం అంకుల్."

"సరే. దారి కష్టం కాదు. రాతి మీద బాట కనపడదు, కంగారు పడకు. రాళ్ల గుట్టలు చూసుకుంటూ పో. గుట్ట పక్కన గుట్ట ఉంటుంది" అన్నారు ఆశీర్వాదం గారు. ఒక అరటిపండు కూడా చేతిలో పెట్టారు.

మా పలావు అయ్యేసరికి మబ్బు కమ్మి వడగళ్లు కొట్టాయి. తగ్గాక అందరం కిందికి దిగాం. రాజీవ్ కారు పార్కింగ్‌లో ఉంది. రాజీవ్ లేడు.

ఎవరో కారేసుకుని సిగ్నల్ ఉన్నచోటికి పోయి రెస్క్యూ వాళ్లకు ఫోన్ చేశారు. వాళ్లు వచ్చేదాకా ఆగలేక ఆశీర్వాదం గారు మళ్లీ పైకి నడిచారు. మనీషా వెంటపడింది, దాని వెనక నేను. గుడిసె దగ్గరికి వచ్చేసరికి నా మోకాలు మొరాయించింది. మనీషా చెప్పులు తడి రాతి మీద నిలవడం లేదు. మా ఇద్దరినీ అక్కడే కూర్చోమని ఆయన రాతి నేల మీదికి పోయారు. గాలి మా వైపే వీస్తోంది. కాసేపటికి ఆ గాలిలో ఆయన గొంతు వచ్చింది. "ప్రభువా, నీ బిడ్డ రాజీవ్‌ను కాపాడు తండ్రీ" అంటూ అందుకున్నారు. ఆ గొంతు ఎక్కడా ఆగలేదు.

"అంకుల్ ప్రేయర్ చేస్తున్నరు ఆంటీ" అంది మనీషా నా చెయ్యి గట్టిగా పట్టుకుని. ఆ మాటతో దానికి కాస్త ధైర్యమొచ్చింది. నాకూ ధైర్యంగానే అనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలి?

రెస్క్యూ వాళ్లు వచ్చేసరికి ఆయన తిరిగొచ్చారు. అంచు వైపు అంతా చూశాను, ఎవరూ లేరు అని చెప్పారు. పొద్దు వాలుతోంది. ఉన్న కాస్త వెలుతురూ వృథా కాకూడదని వాళ్లు సరస్సు అవతల వాగు వెంట వెతకడానికి పోయారు.

మర్నాడు పొద్దున హెలికాప్టర్ వాళ్లకు రాజీవ్ కనిపించాడు. ఆ అంచు కిందనే. వడగళ్లలో మా గుట్టలు పట్టుకుని చివరిదాకా పోయాడు, తడి రాతి మీద జారాడు. కింద అరుగులాంటి చిన్న రాతి గట్టు మీద పడ్డాడు, కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంది. ప్రాణం ఉంది. కాలు లేదు. మోకాలి కింద నుంచి తీసేశారు. చీకటి పడక ముందు తీసుకొచ్చి ఉంటే కాలు నిలిచేదని డాక్టరు మనీషాతో అన్నాడట. చెప్పకుండా ఉండాల్సింది ఆ మహానుభావుడు.

ఆ గుట్టలు ఎవరు పెట్టారని ఫారెస్టు ఆఫీసరు అడిగితే మేమేనని ఆశీర్వాదం గారు ఒప్పుకున్నారు. తీసేయమన్నారు. ఆయన ప్రతి శనివారం పోయి తీయడం మొదలుపెట్టారు. ఎవర్నీ రమ్మనలేదు. ఒక వారం నేనే కారెక్కి కూర్చున్నాను. ఆయన ఒక్కో గుట్ట దగ్గర ఆగి, ఇది ఫలానా వాళ్ల పాపది, ఇది ఫలానా వాళ్ల ఉద్యోగం అని గొణుగుతూ రాళ్లు పక్కకు పెడుతుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాది నేనే తీశాను. ఆఖరికి అంచు మీది ఆయన గుట్ట మిగిలింది. దాన్ని విప్పి, బోర్లా పడుకుని కిందికి తొంగి చూశారు. నేనూ వెళ్లి చూశాను. ఆ అరుగు సరిగ్గా మా కిందే ఉంది. మేడ మీద నిలబడి వాకిట్లోని మనిషితో మాట్లాడేంత దూరం.

"రాగిణమ్మా, ఆ రోజు నా గొంతు గుడిసె దాకా వచ్చిందా?"

"వచ్చిందన్నా."

"మధ్యలో ఆపానా?"

"లేదు" అన్నాను.

"ఇక్కడే మోకరించాను. ఒక్కసారైనా రాజీవ్ అని పిలవలేదమ్మా. పిలిచి ఉంటే వాడు పలికేవాడు. వాడి గురించి దేవుడికి చెబుతూ కూర్చున్నాను" అన్నారు.

"ఈ సంగతి రాజీవ్ వాళ్లకెందుకన్నా? కాలు మళ్లా వస్తదా?" అన్నాను దారిలో.

రాజీవ్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారం మనీషా మమ్మల్ని పిలిచింది. లూసీ కూర గిన్నె పట్టుకుంది. రాజీవ్ సోఫాలో కూర్చుని ఉన్నాడు, ఒళ్లో దుప్పటి. మనిషి సగమయ్యాడు. మనీషా కాఫీలిచ్చి, కిటికీ గట్టు మీంచి ఒక రాయి తెచ్చి ఆశీర్వాదం గారి చేతిలో పెట్టింది. రాజీవ్‌ను పైకి లాగినప్పుడు వాడి పిడికిట్లో ఉన్న రాయి.

"మేం చర్చి వాళ్లం కాదు అంకుల్. కానీ ఆ రోజు మీ ప్రేయర్ విన్న. ఇతను బతికింది దానివల్లనే. మీరు పెడతరు కదా సాక్ష్యం రాళ్లు, ఇది మా పేరు మీద పెట్టండి."

ఆయన కాఫీ కప్పు లూసీ వైపు చాపారు. లూసీ అందుకుంది. ఈ మనిషి చెప్పేస్తాడని నాకు అర్థమైంది.

"అమ్మా, నేను ప్రార్థన చేసింది వాడి నెత్తి మీదే నిలబడి. వాడు కిందే ఉన్నాడు. నేను పిలవలేదు, తొంగి చూడలేదు. అటు ఎవరూ లేరని రెస్క్యూ వాళ్లకి చెప్పింది కూడా నేనే" అన్నారు. ఎప్పుడూ లేనిది, ఆ గొంతు నాకే సరిగా వినబడలేదు.

మనీషా అర్థం కానట్టు ఆయన వంక చూసింది. అర్థమయ్యాక ఆయన చేతిలోంచి రాయి తీసేసుకుంది.

"నాకు తెలుసంకుల్" అన్నాడు రాజీవ్.

మనీషా వాడి వైపు తిరిగింది.

"మీరొచ్చింది తెలిసింది. అరిచిన. శానాసేపు అరిచిన. మీరు గట్టిగా ప్రేయర్ చేస్తున్నరు. నా పేరే చెప్తున్నరు." దుప్పటి అంచు సర్దుకున్నాడు. "మధ్యల ఎక్కడన్న ఆపుతరేమో అని చూసిన. ఆపినప్పుడు పిలుద్దామని ఉన్న ఊపిరి దాచుకున్న. మీరు ఆమెన్ అన్నంక పిలిచిన. అప్పటికి నాకే గొంతు లేదు."

వాడు కోప్పడి ఉంటే బాగుండేది. ఆశీర్వాదం గారు తలెత్తలేదు. మనీషా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మేం లూసీ కూర గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాం.

ఆ తర్వాత కంచె అవతల నుంచి నాకు ఒక్క మాట వినిపిస్తే ఒట్టు. ఎవరి వీసా ఏమైందో, ఎవరి పిల్లకు ఏమైందో తెలియడం లేదు. గొంతు తగ్గించుకోమని పోరింది నేనే. ఇప్పుడు పొద్దున్నే కాఫీ కలుపుతూ ఆ గొంతు కోసం చెవి వేస్తాను.

క్రిస్మస్‌కు ముందు చర్చి వాళ్లు రాజీవ్ కోసం కృతజ్ఞతా కూటం పెట్టారు. వాడు వస్తాడని నేను అనుకోలేదు. కొత్త కాలితో, కర్ర ఊతంతో వచ్చాడు. పక్కన మనీషా, మొహం గంటు పెట్టుకుని. ముందు వరసలో కూర్చున్నారు. నేను ఆఖరి వరసలో, తలుపు దగ్గర. జరిగిందేమిటో తెలియని పాస్టరు గారు "పెద్దలు ఆశీర్వాదం గారు ప్రార్థన చేస్తారు" అన్నారు.

ఆయన లేచారు. చేతులు కట్టుకుని తల వంచారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆయన పెదవులు కదల్లేదు. పక్క హాల్లో కొరియా వాళ్ల పాట వినిపించింది. ఒక పాప ఏడ్చి ఊరుకుంది. జనం ఒక్కొక్కరే కళ్లు తెరిచి చూడసాగారు. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన అలాగే నిలబడి ఉన్నారు, ఎవరో పలుకుతారని చెవి ఒగ్గినట్టు.

ముందు వరసలోంచి రాజీవ్ "ఆమెన్" అన్నాడు. గట్టిగా ఏం అనలేదు. ఆఖరి వరసలో ఉన్న నాకు కూడా వినిపించింది.