బంగారు దిమ్మె

ఫెవికాల్ వాసన తగిలితే చాంపియన్ రీఫ్స్‌లోని మా రేకుల ఇల్లు గుర్తొస్తుంది. గనిలో బతుకంతా బంగారం తవ్వినా దిమ్మెను ఒక్కసారీ చూళ్లేదనేవాడు మా తాత. ఆయన పుట్టినరోజుకు, సినిమాలో చూసినట్టే ఇటుకకు బంగారు రంగు కాగితం అంటించి ఇచ్చాను.

చూపు ఆనని తాత దాని బరువు చూసి తలుపు గడియ పెట్టేశాడు.

"ఇది యాడ దొరికిందమ్మా నీకు? పోలీసోళ్లు వచ్చేస్తారు, కదలొద్దు!"

"ఇటుక తాతా!" అన్నా వినలేదు. ఆ ఉక్కలో ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. తాత లేచి, చేతులు పైకెత్తి, నోరు తెరిచి నిలబడ్డాడు. సినిమా ఆట అనుకుని చప్పట్లు కొట్టాను.

"తలుపు తీయండప్పా, ఏం చేస్తా ఉండారు?" బయట మా అవ్వ.

గనిలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ తాత సోదా కోసం అలాగే నిలబడేవాడని పెద్దయ్యాక తెలిసింది. నేను ఆ ఇటుక ఇచ్చేనాటికి గని మూతపడి పదేళ్లు దాటింది.