పోయొస్తా అని పేరు పెట్టిన ఫంక్షన్

గడప దాటేటప్పుడు "పోతా" అంటే మా జేజి, అదే మా నాయనమ్మ, ఊరుకునేది కాదు. "ఏం మాటమ్మే అది! పోయొస్తా అనాల," అని వెనక్కి పిలిచి, సరిగ్గా చెప్పించి మరీ పంపేది, అవతల బస్సు తప్పిపోతున్నా సరే. నేను చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మనని గొప్పలు పోయేదాన్ని. ఎంత నమ్ముతానో నేను రాసిన కోడే బయటపెట్టింది.

కడపలో రెండు గదుల షాపులో పని నాది. బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు చేస్తాం. బోరులో నీళ్ళు అయిపోతే మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. కాలకముందే ఆపమని పెట్టెలోని చిప్పుకు బుద్ధి చెప్పే కోడ్ నాది. అందులో ఒక ఫంక్షన్, అంటే పేరుతో పిలిస్తే పనిచేసే కోడ్ ముక్క, ఉంది. నీళ్ళు లేవని తెలియగానే మోటారు ఆపి, ఎర్రలైటు వెలిగించి, మనిషి వచ్చి స్విచ్ ఆపి మళ్ళీ వేసేదాకా అక్కడక్కడే తిరుగుతుంది. పిలిచిన చోటికి మళ్ళీ రాదు. ఆ సంగతి నా కోడ్‌ను చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కు ముందే చెప్పొచ్చు: వేరే ఫైలులో ఫంక్షన్ పేరు పక్కన "నో రిటర్న్" అని గుర్తు పెడితే చాలు. తిరిగి రాదన్నావు కదా అని, ఆ పిలుపు తర్వాత రాసిన లైన్లన్నీ అది తీసిపారేస్తుంది. చిప్పులో చోటు బొటాబొటి, నాలుగు బైట్లు మిగిలినా మంచిదే.

దానికి "పోతా" అని పేరు పెట్టబోతే చెయ్యి ఆడలేదు. ఎవరి చేనులోనో ఎండకు నిలబడే పెట్టెలో ఆ అపశకునం మాటేంటి! "పోయొస్తా" అని పెట్టాను. పేరేమో వస్తానంటుంది, గుర్తేమో రానంటుంది. అప్పుడు నవ్వుకున్నాను కూడా.

పులివెందుల దారిలో చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉన్న ఒక పెద్దమ్మ మా పెట్టె పెట్టించుకుంది. భర్త పోయాక తోటంతా ఒక్కతే చూసుకుంటోంది. ఆదివారం చర్చిలో కూడా సగం ప్రార్థన ఆ బోరు కోసమే. ఒకరోజు ఫోన్ చేసి, "పాపా, నా బోరు అరగంట ఆగితే మళ్ళా ఊరుతాది. నీ పెట్టె ఆగిన ప్రతిసారీ నేనే ఉరకాల్సి వస్తాంది, మోకాళ్ళు శానా నొస్తాండాయి. అదే లేసేటట్టు చెయ్యి," అంది.

న్యాయమైన మాట. అరగంట ఆగి తిరిగి వచ్చేలా ఫంక్షన్ మార్చాను. వచ్చాక నీళ్ళున్నాయో లేదో చూసి, ఉంటేనే మోటారు వెయ్యమని ఆ పిలుపు కింది లైన్లలో రాశాను. పేరు చూసుకున్నాను: పోయొస్తా. ఇప్పుడు నిజంగానే వస్తుంది, సరిపోయిందిలే అనుకున్నాను. వేరే ఫైలులో ఆ "నో రిటర్న్" గుర్తు ఇంకా అలాగే ఉందన్న సంగతి తట్టనే లేదు. పేరు "పోతా" అని ఉండుంటే ఆ క్షణమే అనుమానం వచ్చేది. కంపైలర్ పాపం హెచ్చరించింది కూడా, రాదన్నావు, వస్తోందే అని. రోజూ పడే పనికిమాలిన హెచ్చరికల్లో దాన్నీ కలిపేశాను.

మూడో రోజే మోటారు కాలింది. ఫంక్షన్ తిరిగొచ్చేసరికి నీళ్ళు చూడమన్న లైన్లు లేవు, గుర్తును నమ్మి కంపైలర్ తీసిపారేసింది. వాటి చోట తర్వాతి ఫంక్షన్ ఉంది. అది మోటారు వేసేది. ఖాళీ బోరులో మోటారు ఆపేవాళ్ళు లేక తిరిగింది.

నడి వేసవి, చెట్ల నిండా కాయ. మా షాపాయన, "కరెంటు హెచ్చుతగ్గులని చెప్పమ్మా, ఎవరు అడగొచ్చారు," అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నా, అదే చెబుదామని బయల్దేరాను. తోటకు పోయేసరికి పెద్దమ్మ చెట్టు కింద కూర్చుని రాలిన కాయలు ఒళ్ళోకి ఏరుకుంటోంది. నన్ను చూడగానే, "నేనేమన్నా తప్పు నొక్కినానా పాపా?" అంది. తన తప్పేననుకుని రెండు రోజులుగా సరిగా తిండి కూడా తినలేదట. నా మీద నాకే అసహ్యం వేసింది. "నువ్వు కాదు పెద్దమ్మా, తప్పు నాది," అని జరిగిందంతా చెప్పాను.

తిట్టింది. కడుపు మంట తీరా తిట్టింది. "నీ సదువు మండిపోను! బిడ్డల మాదిరి సాకినానే వీటిని!" అని ఏడ్చింది. చివరికి, "నిలబడి ఏం చూస్తాండావు, బిందె తీసుకో," అంది.

మోటారు పైకి తీసి, వైండింగ్ చుట్టించి, మళ్ళీ దింపేసరికి వారం పట్టింది. ఆ వారమంతా పక్క తోట బోరు నుంచి ఆమె ముందు, నేను వెనక, బిందెలతో నీళ్ళు మోశాం. కాయ సగానికి సగం రాలిపోయింది. కిందటేడు నాటిన లేత చెట్లు నాలుగు చచ్చిపోయాయి.

మోటారు దింపిన రోజు, పెట్టె తీసుకుపోతాను, ఇంకెవరిదన్నా మంచిది పెట్టించుకో అన్నాను.

"ఈడనే ఉండనీ. బాగు చేసి ఇదే పెట్టు," అంది పెద్దమ్మ. "నీ తప్పు నువ్వు వచ్చి చెప్పినావు. వేరేవాళ్ళయితే వాళ్ళ తప్పు వాళ్ళు వచ్చి చెప్తారా?"

ఆ మాట ఎండిపోయిన ఆ నాలుగు చెట్ల వైపు చూస్తూ అంది. నేను స్టార్టర్ పెట్టె ఉన్న గోడ వైపు తిరిగి ఏడ్చేశాను.