సుబ్బులత్తయ్యకు మళ్ళీ పని దొరికింది

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో మా ఛానల్ నన్ను మచిలీపట్నం పంపింది. అప్పుడు నేను ‘బస్టాండు ఎదురిల్లు’ అనే సీరియల్‌కి ఎపిసోడ్ డైరెక్టర్‌ని. కథ మొత్తానికి బాధ్యత సిరీస్ డైరెక్టర్‌ది. ఆయన ఒప్పుకున్న సీన్లను రోజూ సెట్లో తీసేది నేను. గుడివాడ బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటల్ నడుపుకునే కుటుంబం కథ అది. మొదట్లో కృష్ణా జిల్లాలో మాకు తిరుగుండేది కాదు. రేటింగులు జారడం కూడా అక్కడే మొదలైంది. కారణం కనుక్కురమ్మనీ, సీరియల్ ఉంచాలో ఆపాలో ఆ తర్వాత తేలుస్తామనీ ఫిక్షన్ హెడ్, అంటే సీరియళ్ళ విభాగానికి పెద్ద, చెప్పారు.

నేను ముందుగా కలిసింది గ్రేస్ గారిని. హైస్కూల్లో సైన్స్ టీచరు. ప్రతి ఎపిసోడ్ కిందా మా పేజీలో ఏదో ఒకటి రాసే మనిషి, ఉన్నట్టుండి మానేశారు. అందుకే వెతుక్కుంటూ వెళ్ళాను. కాఫీ ఇచ్చి, మొహమాటం లేకుండా మొదలుపెట్టారు.

“మా మావయ్యగారికీ నాకూ పడదండీ. రోజంతా మాటలుండవు. మీ సీరియల్ వచ్చే అరగంట మాత్రం ఒకే సోఫాలో కూర్చుని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు టైటిల్ పాట రాగానే ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోతున్నారు. నేనూ చూడటం మానేశాను.”

ఎక్కడ చెడిందని అడిగాను.

“హోటల్ మూయించారు చూడండి, అక్కడండీ. సుబ్బులత్తయ్య ఇదివరకు పిండి రుబ్బుతూ తిట్టేది, ప్లేట్లు కడుగుతూ తిట్టేది. నవ్వాగేది కాదు. ఇప్పుడు బంగళాలో పట్టుచీర కట్టుకుని, హాల్లో నిలబడి అరుస్తోంది. ఆ ఇంట్లో ఒక్కళ్ళకైనా పనుందా, చెప్పండి?”

లోపలి గదిలోంచి వాళ్ళ మావయ్యగారి గొంతు వినిపించింది. “ఆ పాలల్లో విషం కలిపే కోడలి సంగతి కూడా చెప్పమ్మా.”

గ్రేస్ గారు ఆశ్చర్యంగా గుమ్మం వైపు చూశారు. మా మీద కోపంతోనైనా ఆ ఇంట్లో ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. ఈ సీరియల్ ఆగకూడదని నేను గట్టిగా అనుకున్నది అప్పుడే.

బంగళాకి కారణం లేకపోలేదు. ఒకే సెట్లో పని త్వరగా తెమిలిపోతుంది. ఒక చెంపదెబ్బ పడితే, హాల్లో ఉన్న అందరి మొహాల మీదికీ కెమెరాని తిప్పుతాం. వాటిని రియాక్షన్ షాట్లంటాం. వాటితోనే ఎపిసోడ్‌లో సగం గడిచిపోతుంది.

హైదరాబాద్ వెళ్ళి, విన్నదంతా ఫిక్షన్ హెడ్‌కి చెప్పి, హోటల్ తెరిపించమని వాదించాను. ఒక్క వారం చూద్దామన్నారు. నవ్వు రాకపోతే ఆపేయడమే.

సుబ్బులత్తయ్య వేషం వేసే నటి అప్పటికే మానేస్తానని కబురు పెట్టారు. నాటకాల్లోంచి వచ్చిన మనిషి. ఇంటికి వెళ్ళి, సిరీస్ డైరెక్టర్ ఒప్పుకున్న కొత్త కథ చెబితే ఒక్కటే అడిగారు: “నా చేతికేమిస్తున్నారు?”

సాంబారు క్యారియర్ ఇచ్చాను.

కుటుంబమంతా సముద్రస్నానానికి ఆటోలో వచ్చే సీన్ పాలకాయతిప్ప ఒడ్డున తీశాం. ఆటో ఇసుకలో దిగబడుతుంది, అందరూ దిగి తోస్తారు. అంతవరకే స్క్రిప్టు. ఆవిడ మాత్రం దిగలేదు. కొడుకు వేషం వేసినతను ఏమనాలో తెలియక, దిగమ్మా అన్నాడు.

“నేను దిగితే సాంబారు ఎవడు పట్టుకుంటాడ్రా, నువ్వా?”

స్క్రిప్టు దాటితే కట్ చెప్పడం నా విధి. నేను చెప్పలేదు. తోయగా తోయగా ఆటో ఒక్కసారిగా కదిలి, ఆవిడ ఒక్కర్నే ఎక్కించుకుని వెళ్ళిపోయింది. కుటుంబం వెనక పరుగెత్తుతోంది. ఆవిడ క్యారియర్ని వాటేసుకుని, వెనక్కి కూడా చూడకుండా కూర్చున్నారు. పడవల దగ్గర వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చేతిలో పని వదిలేసి నవ్వారు. షూటింగ్ చూడటానికొచ్చిన ఫిక్షన్ హెడ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

అది ప్రసారమైన సాయంత్రం గ్రేస్ గారు ఫోన్ చేశారు. “మావయ్యగారు మాట్లాడతారటండీ,” అని ఆయనకిచ్చారు.

“బాబూ, సాంబారు ఒలికిందా లేదా? రేపు చూపిస్తారా?”

చూపిస్తానన్నాను. ఆ పక్కనే గ్రేస్ గారి నవ్వు ఇంకా వినిపిస్తోంది.

ఆ వారం రేటింగులు లేచాయి. సీరియల్ ఆపే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బంగళా సెట్ విప్పేస్తుంటే దగ్గరుండి చూశాను. కథ తనంతట తాను ముగిసేదాకా హోటల్లోనే నడిచింది. చివరి ఎపిసోడ్ తీశాక నేను రిటైరయ్యాను.

పాత్రకి డైలాగు ఇచ్చేముందు చేతికి పని ఇవ్వాలని ఆ వారం నేర్చుకున్నాను. సీరియల్ పాడైనప్పుడు ముందుగా వెళ్ళాల్సింది విసుక్కుంటున్న ప్రేక్షకుల దగ్గరికి. అది బాగున్నప్పుడు ఎలా ఉండేదో వాళ్ళకి గుర్తుంటుంది.