దొంగలకు తలుపు తీసిన మా గార్డు

మా పక్కింటాయన ముప్పై ఏళ్ళు ఒకే బ్యాంకు తలుపు దగ్గర నిలబడ్డాడు. రిటైరయ్యాక కూడా వీధిలో అందరికీ ఆయన గార్డే. వచ్చినవాళ్ళకు తలుపు తీయడం, కాస్త తల వంచడం, మళ్ళీ మూయడం, అదే ఆయన ఉద్యోగం.

మూతపడ్డ ఆ పాత బ్యాంకులోనే దోపిడీ సినిమా తీయడానికి వచ్చినవాళ్ళు గార్డు వేషానికి ఆయన్నే పిలిచారు. ఆయన భార్య నాకు చెల్లెలి లాంటిది. ఎవరికీ చెప్పకక్కా అంది. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పడం ఆవిడ తప్పు. సాయంత్రానికి వీధంతటికీ తెలిసింది.

షూటింగు నాడు చెల్లెలూ నేనూ జనాన్ని ఆపడానికి కట్టిన తాడు ఇవతల నిలబడ్డాం. ముసుగు దొంగలు దూసుకొస్తే ఆయన వణికిపోయి చేతులెత్తాలి, అంతే. ఆరుసార్లు తీశారు. ఆరుసార్లూ బట్టలారేసే కర్రల్లా చేతులు లేచాయి కానీ మొహంలో భయం పలకలేదు. డైరెక్టరు విసుక్కుని, ఇదే ఆఖరుసారి, కుదరకపోతే వేరేవాళ్ళను పెట్టండి అన్నాడు. చెల్లెలు నా చేయి గట్టిగా పట్టుకుంది. వీధిలో తలదించుకోవాల్సింది వాళ్ళు, ఊరంతా చాటింది నేను.

ఏడోసారి దొంగలు మెట్లెక్కారు. కంగారులో డైరెక్టరు చెప్పినదంతా ఆయన మరిచిపోయాడు. చేయి దానంతటదే తలుపు మీదికి పోయింది. బార్లా తెరిచి, తల వంచి, చిన్నగా నవ్వి, "రండి సార్" అన్నాడు. దొంగల్లో ఒకడు పాపం, "థాంక్సండీ" అనేశాడు.

అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. ఆ ముక్కను మూడుసార్లు వేయించుకుని చూసి ఆయన దగ్గరికి వచ్చాడు.

"ఈ నవ్వు ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"నేర్చుకున్నది కాదు బాబూ. ఎవరొచ్చినా అదే నవ్వు."

"అయితే దొంగల్ని రప్పించింది మీరే. కథ మార్చేస్తున్నా."

మర్నాడు డైరెక్టరు వాళ్ళింట్లో రెండు గంటలు కూర్చున్నాడు. పంచదార అప్పడిగే నెపంతో నేను మూడుసార్లు వెళ్ళి సంగతంతా రాబట్టాను. పోలీసులు చివరిదాకా మేనేజరును, క్యాషియరును అనుమానిస్తారట. అసలు సూత్రధారి మా గార్డట.

సినిమా వచ్చాక వీధి వీధంతా కలిసి వెళ్ళాం. ముందు వరుసలో ఒకాయన మేనేజరే దొంగని పందెం కాస్తుంటే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టం పడలేదు. చివర్లో మా గార్డు తాపీగా యూనిఫారం విప్పి, మడతపెట్టి, మన వంక చూస్తాడు. హాలంతా లేచి నిలబడింది. హీరోకు కూడా అన్ని ఈలలు పడలేదు.

బయట జనం ఆయన్ని చుట్టుముట్టి ఫోటోలకు ఎగబడ్డారు. చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఈయన ఇంత గజదొంగ అని నాకే తెలియలేదు చూశావా అక్కా."